అడిగే చెయ్యి

పరిశీలనకు వచ్చిన అంగీకార పత్రాలు 9,543. వాటిలో నిశానీలు 1,948. హాస్టల్ వార్డెన్లు పెట్టిన సంతకాలు 2,763. పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం 2013 ఆగస్టులో సమర్పించిన 72వ నివేదికలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గురించి ఉన్న లెక్క ఇది. 2009 జులైలో ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేశారు. నడిపింది అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ. దాంతో చేయి కలిపినవి భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకా మందు తయారీ కంపెనీ ఉచితంగా ఇచ్చింది. సూది వేసిన చేతులు, పిల్లల్ని వరుసలో నిలబెట్టిన గొంతులు మాత్రం సర్కారువి. భద్రాచలం ప్రాంతం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది. 2014లో భద్రాచలం పట్టణం తప్ప ఆ మండలంలోని ఊళ్లన్నీ మళ్లీ తూర్పు గోదావరిలో కలిశాయి. కాబట్టి ఇది ఎక్కడో జరిగిన కథ అని డెల్టావాళ్లు అనుకోవడానికి లేదు. ధవళేశ్వరం ఆనకట్ట దాటి మన కాలువల్లోకి వచ్చే నీళ్లు ఆ ఊళ్ల పక్కనుంచి పారినవే.

ఆ 2,763 సంతకాల దగ్గర ఆగి ఆలోచించాలి. ఆశ్రమ పాఠశాలలో పిల్లను చేర్చేటప్పుడు కోయ గిరిజన తల్లిదండ్రులు వార్డెన్‌కు అప్పగించింది ఏమిటి? తిండి పెట్టు, చదువు చెప్పు, జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లు అని పిల్లను అప్పగించారు. పిల్ల శరీరం మీద ఒక అధ్యయనం చేసుకోవచ్చని ఎవరికైనా రాసిచ్చే అధికారం అప్పగించారా? తల్లిదండ్రుల తరఫున ప్రధానోపాధ్యాయులు, వార్డెన్లు సంతకం చేయవచ్చని రాష్ట్ర ప్రభుత్వం ఆదేశాలిచ్చింది. ఆ ఆదేశం చట్టం ముందు నిలిచేది కాదని ప్రభుత్వ విచారణే తప్పుపట్టింది. చట్టం సంగతి అలా ఉంచితే, దాని కింద అంతకన్నా పాత ప్రశ్న ఒకటుంది. కాపాడే బాధ్యతలో ఇచ్చేసే హక్కు కూడా ఇమిడి ఉంటుందా? ఇమిడి ఉండదనే నేను వాదిస్తున్నాను. అంతేకాదు, పరిశోధనలో నిజంగా ఇచ్చేవారెవరో పుచ్చుకునేవారెవరో తారుమారు చేసి చూపడమే ఇక్కడ జరిగిన అసలు అధర్మమని కూడా అంటాను.

ఐతరేయ బ్రాహ్మణంలో శునశ్శేపుడి కథ ఉంది. మన ఊళ్లలో తెల్లవార్లూ పద్యనాటకంగా ఆడే హరిశ్చంద్రుడి కథ వేరు. ఈ కథలో ఆ హరిశ్చంద్రుడు పిల్లలు లేక వరుణుడికి మొక్కుకుని, పుట్టిన కొడుకునే బలి ఇస్తానని మాటిచ్చి, ఆ మాట తీర్చలేక జలోదరంతో బాధపడే రాజు. కొడుకు రోహితుడు అడవుల పాలై, అక్కడ ఆకలితో అలమటిస్తున్న అజీగర్తుడనే బ్రాహ్మణుణ్ణి చూస్తాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాణ్ణి తండ్రి వదలనంటాడు, చిన్నవాణ్ణి తల్లి వదలనంటుంది. మధ్యవాడు శునశ్శేపుడు రోహితుడికి బదులు బలికి నూరు ఆవులకు అమ్ముడుపోతాడు. యజ్ఞశాలలో కుర్రవాణ్ణి యూపానికి కట్టడానికి ఎవరూ ముందుకు రారు. ఇంకో నూరు ఆవులిస్తే నేను కడతానంటాడు తండ్రి. చంపడానికీ ఎవరూ రారు. మరో నూరు ఇస్తే ఆ పనీ చేస్తానంటాడు. ఆ యజ్ఞానికి హోత విశ్వామిత్రుడు, అధ్వర్యుడు జమదగ్ని, బ్రహ్మ వసిష్ఠుడు. ధర్మాధర్మాలు తెలిసినవాళ్లలో వాళ్లను మించినవాళ్లు లేరు. పిల్లవాణ్ణి కట్టే తాడు వాళ్లలో ఎవరూ ముట్టుకోలేదు. అయితే యజ్ఞం ఆపిందీ ఎవరూ కాదు. ఈ కథను మనుషుల మీద జరిగే పరిశోధనల నైతిక సంఘాలన్నిటిలో తప్పక చదివించాలని నాకనిపిస్తుంది. అక్కడ లేనిదేమిటి? రాజుగారి రోగం నయం కావాలన్న సదుద్దేశం ఉంది. తండ్రి అంగీకారం ఉంది. ప్రతిఫలం ముట్టింది. పెద్దల ఆమోదమూ ఉంది. కట్టేసిన కుర్రవాణ్ణి ఒక్క మాట అడగడం మాత్రం లేదు.

మరి తండ్రికి ఆ హక్కు ఉందా? ధర్మశాస్త్రాలు ఈ ప్రశ్నను దానం గురించిన వ్యవహార విచారణలో ఎత్తుకున్నాయి. సొత్తు తనదే అయినా కుటుంబానికి నష్టం లేకుండానే ఇవ్వాలని, భార్యనూ కొడుకునూ మాత్రం ఇవ్వరాదని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతుంది. నారద స్మృతి ఇవ్వకూడనివాటిని ఎనిమిదిగా లెక్కపెట్టింది. వాటిలో బిడ్డలతో పాటు నిక్షేపం కూడా ఉంది, అంటే మరొకరు దాచిపెట్టమని అప్పగించిన సొమ్ము. ఆ వరుసలో ఈ రెండూ పక్కపక్కనే ఉండటం నాకు ఊరికే జరిగిందనిపించదు. నిక్షేపాన్ని పట్టుకున్నవాడు దాన్ని కాపాడాలి, అడిగినప్పుడు తిరిగి ఇవ్వాలి. తన అవసరానికి వాడుకోకూడదు, పుణ్యం కోసం దానం చేయడమూ కూడదు. ఆశ్రమ పాఠశాలలోని పిల్ల ఈ రెండు రకాలుగానూ ఇవ్వరానిదే. తల్లిదండ్రులకు ఆమె బిడ్డ, వార్డెన్‌కు ఆమె నిక్షేపం. యాజ్ఞవల్క్యుడి మీద విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర శతాబ్దాలపాటు మన కోర్టుల్లో చలామణి అయింది. తిక్కన కాలంవాడైన కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయంగా తెలుగులోకి తెచ్చాడు. కాబట్టి ఈ ఆలోచనను పరదేశం నుంచి దిగుమతి చేసుకున్నామని ఎవరూ అనలేరు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. శాస్త్రం ఒకే నోట మాట్లాడదు. కొడుకును ఇవ్వడానికీ అమ్మడానికీ విడిచిపెట్టడానికీ తల్లిదండ్రులకు అధికారం ఉందని వసిష్ఠ ధర్మసూత్రం చెబుతుంది. శాస్త్రమంతా నా వాదం వెనుకే నిలబడి ఉందని చెబితే అది అబద్ధమవుతుంది. కానీ వసిష్ఠుడి మాట దత్తత సందర్భంలోది. దత్తత ఇచ్చిన బిడ్డ మరో ఇంట్లో బిడ్డగానే బతుకుతాడు, ఆ ఇంటి ఆస్తికి వారసుడవుతాడు. ఇవ్వడం వల్ల బిడ్డకు ఏం దక్కుతుందన్నదే ఆ ఇవ్వడానికి కొలత. పరిశోధనలో బిడ్డ వల్ల ఇతరులకు ఏం దక్కుతుందన్న లెక్క కూడా వచ్చి చేరుతుంది. ఆ రెండో లెక్క వచ్చిన క్షణం నుంచి తల్లిదండ్రుల అధికారం సైతం హద్దులు కట్టిన అధికారమే. తల్లిదండ్రుల అనుమతి ఒక్కటే చాలదని, ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుదల కూడా విడిగా తీసుకోవాలని నేటి వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు చెప్పడానికి కారణం ఇదే.

శునశ్శేపుడి పక్కన మన పురాణాలు మరొకరిని నిలబెట్టాయి. ఆయన దధీచి. లోకహితం కోసం వెన్నెముక ఇచ్చిన దాతగా ప్రతి తెలుగు ఇంట్లోనూ ఆయన పేరు తెలుసు. పరిశోధనను సమర్థించేవారు తరచూ ఆయన్నే ఉదాహరిస్తారు, ఒకరి త్యాగం నుంచి అందరికీ మేలు కలుగుతుందని. నిజమే. అయితే ఆ కథలో జనం గమనించని సంగతి ఒకటుంది. ఇంద్రుడు దేవతల రాజైనా, వృత్రుడి చేతిలో లోకాలు అల్లాడుతున్నా, దధీచి ఆశ్రమానికి యాచకుడిగా వచ్చాడు. ఏం కావాలో దాచలేదు. ఇస్తే ప్రాణం పోతుందన్నది ఇద్దరికీ తెలుసు. నీకు మేలు చేయడానికి వచ్చానని ఇంద్రుడు చెప్పుకోలేదు. ఎవరి చెయ్యి కింద ఉందో, ఎవరి చెయ్యి పైన ఉందో అక్కడ స్పష్టంగా ఉంది. ఖమ్మంలో తలకిందులైంది సరిగ్గా ఇదే. ఖరీదైన టీకా మీకు ఉచితంగా ఇస్తున్నామని పిల్లలకు చెప్పారు. అది అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఈ టీకాను ఇలాంటి ప్రాంతంలో ఎలా అందించవచ్చో, జనం దాన్ని ఎంతవరకు ఒప్పుకుంటారో తెలుసుకోవడానికి ఆ పిల్లలు తమ శరీరాలను ఇస్తున్నారు. అంటే ఆ పూట దాతలు ఆ పిల్లలే. సర్కారు, సంస్థ యాచకులు. దాతను గ్రహీతగా నిలబెడితే ఆమె ప్రశ్న అడగదు. ఉచితంగా వచ్చినదాన్ని ఎవరూ ప్రశ్నించరు కదా. ఇది కనిపించే బలవంతం కన్నా మెత్తనిది, కానీ లోతైనది.

దీనికి మొదటి అభ్యంతరం బలమైనది. టీకా మంచిదే కదా, మరి గొడవెందుకు? ఆంధ్రలోనూ గుజరాత్‌లోని వడోదరలోనూ కలిపి ఏడుగురు బాలికలు చనిపోయిన మాట నిజం. విచారించిన నిపుణుల సంఘం పాముకాటు, నీట మునగడం, పురుగుమందు, మలేరియా వంటి కారణాలను గుర్తించి, టీకాకూ ఆ మరణాలకూ సంబంధం లేదనే నిర్ధారణకు వచ్చింది. ప్రపంచంలో కోట్ల మంది ఆడపిల్లలు ఈ టీకా వేయించుకున్నారు. మన దేశంలో ఏటా లక్షకు పైగా స్త్రీలకు ఈ క్యాన్సర్ వస్తోంది, డెబ్భై వేలకు పైగా ప్రాణాలు పోతున్నాయి. కాబట్టి టీకా మంచిదేనని నేనూ నమ్ముతున్నాను, ఎలాంటి సందేహం లేకుండా. కానీ అడగకుండా చేసిన పనికి ఫలితం మంచిదైనంత మాత్రాన అడగకపోవడం ఒప్పు అయిపోదు. పిల్లకు చెప్పకుండా కుదిర్చిన సంబంధం సుఖంగానే సాగినా, ఆమెను అడగకపోవడం అడగకపోవడంగానే మిగులుతుంది. ఇక ఫలితాల లెక్కే చూద్దామన్నా అది ఈ అభ్యంతరం వైపు మొగ్గదు. 2010 మార్చిలో సమ అనే మహిళా ఆరోగ్య బృందం భద్రాచలం ప్రాంతానికి వెళ్లి పిల్లలతో మాట్లాడింది. ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని నిలిపేశారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఈ టీకా పేరెత్తితేనే అనుమానం. 2016లో పంజాబ్ రెండు జిల్లాల్లో, 2018లో సిక్కిం రాష్ట్రమంతటా మొదలుపెట్టేదాకా సర్కారీ టీకాల్లో దానికి చోటు దొరకలేదు. అడగడానికి పట్టే నాలుగు వారాలు మిగుల్చుకున్నందుకు దేశం ఏళ్లు పోగొట్టుకుంది. ఆ ఏళ్లలో టీకా అందక రేపు జబ్బు పడే స్త్రీలు కూడా ఆ వార్డెన్ సంతకాల ఖాతాలోనే చేరతారు.

రెండో అభ్యంతరం మాటలకు సంబంధించింది. ఇది పరిశోధన కాదు, అప్పటికే దేశంలో అనుమతి పొందిన టీకాను జనానికి అందించి చూసే ప్రదర్శన కార్యక్రమం మాత్రమే, కాబట్టి క్లినికల్ ట్రయల్స్ నియమాలు వర్తించవు అన్నారు. ఒక పనికి పెట్టిన పేరును బట్టి దానికి లోబడిన మనిషి హక్కు మారుతుందా? పిల్ల భుజంలోకి సూది దిగింది, ఆమె సమాచారం నమోదైంది, ఆ సమాచారంతో ఒక ప్రశ్నకు జవాబు వెతికారు. ఈ మూడూ జరిగినచోట దాన్ని ఏ పేరుతో పిలిచినా ఆమెను అడగాల్సిందే. ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం కూడా ఇది మనుషుల మీద జరిగిన అధ్యయనమేనని, నైతిక నియమాలు దీనికి వర్తిస్తాయనే అంది.

మూడో అభ్యంతరం చదువుకున్నవారి నోటినుంచి ఎక్కువగా వినిపిస్తుంది. నిశానీ వేసేవాళ్లకు వైరస్ అంటే ఏమిటో ఎలా చెప్తాం, చెప్పినా వాళ్లకేం అర్థమవుతుంది అంటారు. గోదావరి జిల్లాల అనుభవమే దీనికి జవాబు. బోదకాలు ఈ డెల్టాను తరతరాలుగా పట్టుకున్న జబ్బు. రాజమహేంద్రవరంలో కేంద్ర ప్రభుత్వపు ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రం దశాబ్దాలుగా ఉంది. ఆ జబ్బు క్రిమి పిల్లలు ఒంట్లో పైపైని రక్తంలోకి వచ్చేది రాత్రిపూటే. అందుకని సర్వే సిబ్బంది రాత్రి ఎనిమిది దాటాక ఇళ్లకు వెళ్లి, నిద్రపోతున్నవాళ్లను లేపి, వేలి చివర గుచ్చి రక్తపు చుక్క గాజు పలక మీదికి తీసుకోవాలి. పగలంతా పొలంలో వంగి పనిచేసిన మనిషిని అర్ధరాత్రి ముందు లేపి రక్తం అడగడం కన్నా కష్టమైన అంగీకారం ఏముంటుంది? దోమ కుడితే పురుగు ఒంట్లోకి వస్తుంది, పగలు అది లోపల దాక్కుంటుంది, అందుకే రాత్రి వచ్చాం అని చెబితే అర్థం కానివారెవరు? క్రిమి కనబడినవారికి పన్నెండు రోజుల డీఈసీ మాత్రలివ్వడం ఆ కార్యక్రమం పద్ధతి. చుక్క ఇచ్చినవారికి జవాబూ మందూ తిరిగి వచ్చే ఏర్పాటు అది. ప్రతి రాత్రీ ప్రతి ఇంటా అది సవ్యంగా జరిగిందని కాదు, అడిగే తోవ, తిరిగి ఇచ్చే తోవ ఆ పనిలోనే ఇమిడి ఉన్నాయని నా భావం. అర్థం చేసుకోలేరన్న మాట తరచుగా అర్థమయ్యేలా చెప్పే ఓపిక లేదన్న మాటే. చదువు రానివారి విషయంలో నియమం కూడా ఉంది. నిశానీ వేసేటప్పుడు పరిశోధకులతో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన కూర్చుని, అంతా విడమరచి చెప్పారని సంతకం చేయాలి. ఆ సాక్షి ఎవరన్నదాని మీద ఆ నిశానీ విలువ ఆధారపడుతుంది.

చదువు రాదన్న కారణం ఎంత దూరం తీసుకెళ్లగలదో వైద్య పరిశోధన మండలి చరిత్రలోనే ఉంది. 1976 నుంచి 1988 వరకు ఢిల్లీలో గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్‌కు ముందరి మార్పులు కనిపించిన 1,158 మంది స్త్రీలను, ఆ మార్పుల్లో ఎన్ని క్యాన్సర్‌గా మారతాయో చూడటానికి, చికిత్స చేయకుండా గమనిస్తూ ఉండిపోయారు. 71 మందికి క్యాన్సర్ వచ్చింది. వారిలో తొమ్మిది మందికి అది లోపలి కణజాలంలోకి పాకింది. ఇది 1997లో ఒక బ్రిటిష్ వైద్య పత్రిక ద్వారా బయటపడినప్పుడు, చాలామందికి చదువు రాదు కాబట్టి రాతపూర్వక అంగీకారం తీసుకోలేదని, నోటిమాటగా తీసుకున్నామని సమాధానం వచ్చింది. అదే 1997లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ టస్కేగీ బాధితులకు దేశం తరఫున క్షమాపణ చెప్పాడు. అక్కడ అమెరికా ప్రజారోగ్య శాఖ 1932 నుంచి నలభై ఏళ్లపాటు సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులకు, పెన్సిలిన్ వచ్చాక కూడా, చికిత్స అందకుండా చేసి జబ్బు నడకను గమనించింది. వాళ్లను ప్రతిసారీ పరీక్షలకు తీసుకొచ్చింది వాళ్ల జాతికే చెందిన, వాళ్లు ఎంతో నమ్మిన ఒక నర్సు. ఈ రెండు చోట్లా పరిశోధన చేసింది లాభం కోసం వచ్చిన కంపెనీ కాదు, ప్రజల డబ్బుతో నడిచే ప్రభుత్వం. ఈ సంగతి మనం ఎంత గట్టిగా పట్టుకుంటే అంత మంచిది. ఖమ్మం ఉదంతాన్ని విదేశీ డబ్బు చేసిన కుట్రగా కొందరు కొట్టిపారేశారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది, కానీ అది తప్పించుకునే దారి. డబ్బు ఎక్కడిదన్న దానికన్నా, జనం ఎవరి మొహం చూసి చెయ్యి చాపారన్నదే పెద్ద ప్రశ్న. వాళ్లు చూసింది ఏఎన్ఎం మొహం, హెడ్మాస్టరు మొహం.

ప్రభుత్వం మీద బాధ్యత ఎందుకు రెట్టింపవుతుందో ఇక్కడే తేలుతుంది. కంపెనీ వస్తే కాదనవచ్చు. రేషన్ బియ్యం ఇచ్చేది, పింఛను ఇచ్చేది, పురుడు పోసేది, పిల్లల్ని హాస్టల్లో పెట్టుకునేది అంతా ఒకే సర్కారైనప్పుడు ఆ సర్కారు అడిగినదానికి గిరిజన కుటుంబం కాదనగలదా? కాదంటే ఏదో పోతుందన్న భయం నిజమైనా కాకపోయినా ఆ భయం ఉంది. అందువల్ల సర్కారుకు వచ్చే 'సరే' ఎప్పుడూ కొంచెం తరుగే, దాన్ని నిండు అంగీకారంగా లెక్కకట్టకూడదు. ఆ తరుగును పూడ్చాల్సింది అడిగేవారే. సూది వేసే మనిషి, సంతకం తీసుకునే మనిషి వేరుగా ఉండాలి. కాదన్న కుటుంబానికి ఏదీ ఆగిపోదని ఊరందరి ముందూ చెప్పాలి, చెప్పినట్టు నడుచుకోవాలి. పాల్గొన్నవారికి హాని జరిగితే ఎవరు చూసుకుంటారో ముందే రాసివ్వాలి. టీకా తర్వాత వచ్చే ఇబ్బందులను కనిపెట్టే ఏర్పాటు ఖమ్మంలో చాలినంత లేదన్నది పార్లమెంటు సంఘం చేసిన ఆరోపణల్లో బరువైనది. మరణాలకు టీకా కారణం కాదని విచారణ చెప్పినా ఆ మాట జనం మనసుకు పట్టకపోవడానికి మూలం ఆ లోటే. ముందునుంచీ కనిపెట్టనివాళ్లు తర్వాత వచ్చి చెప్పే మాటను ఎవరు నమ్ముతారు?

ఇన్ని కట్టుబాట్లు పెడితే పరిశోధకులు అడవుల వైపే రారని, చివరికి నష్టపోయేది గిరిజనులేనని చివరి అభ్యంతరం. దీంట్లో న్యాయం ఉంది. పరిశోధన ఫలాలు ఎవరికి అందాలన్న ప్రశ్న కూడా న్యాయానికి సంబంధించినదే. అమెరికాలో టస్కేగీ తర్వాత 1979లో వచ్చిన బెల్మాంట్ నివేదిక మనుషుల పట్ల గౌరవం, మేలు చేయడంతో పాటు న్యాయాన్ని మూడో సూత్రంగా నిలబెట్టింది అందుకే. పరిశోధన భారం ఒకరి మీద, ఫలం మరొకరికి అనేది ఎంత తప్పో, ఏదో జరుగుతుందన్న భయంతో కొందరిని శాశ్వతంగా వదిలేయడం కూడా అంతే తప్పు. కొండల్లోని మలేరియా మీద, పోషకాహార లోపం మీద పరిశోధన కావాలి, ఇంకా ఎక్కువ కావాలి. కానీ సులువుగా దొరుకుతారు కాబట్టి, ఆశ్రమ పాఠశాలలో ఒకచోట కూర్చుని ఉంటారు కాబట్టి పిల్లల్ని ఎంచుకోవడం వాళ్లకు న్యాయం చేయడం కాదు. అజీగర్తుడి మధ్య కొడుకు ఎంపికైనదీ అలాగే, వదలనని పట్టుకునే చెయ్యి లేకపోవడం వల్ల.

2009లో భుజం చాపిన ఆ పిల్లల్లో అందరికన్నా చిన్నవాళ్లకు కూడా ఇప్పుడు పాతికేళ్లు దాటాయి. చాలామంది తల్లులై ఉంటారు. ఇదే జబ్బుకు టీకా ఇప్పుడు మన దేశంలోనే తయారవుతోంది. భద్రాచలం చుట్టుపక్కల ఎటపాక వైపు ఊళ్లకూ చింతూరు వైపు ఊళ్లకూ అది వెళ్లాలి, వెళ్లి తీరాలి. కూతురి కోసం టీకా పట్టుకుని ఏఎన్ఎం గుమ్మం ముందు నిలబడినప్పుడు ఆ తల్లి తన భుజం వైపు చూసుకుంటుంది. తనకు అప్పుడు వేసింది ఏ మందు, ఎన్ని డోసులు పడాల్సింది, ఎన్ని పడ్డాయి, మధ్యలో ఎందుకు ఆపేశారు, తన తరఫున ఆ కాగితం మీద సంతకం పెట్టింది ఎవరు అని అడిగే హక్కు ఆమెకుంది. కొత్త కార్డు చేతికి ఇచ్చే ముందు ఆ పాత జవాబులు ఆమెకు, ఆమె మాటలో, కూర్చుని చెప్పాలి. ఆ తర్వాతే కూతురి గురించి అడగాలి. తల్లినీ కూతురినీ ఇద్దరినీ.